పాత వస్తువులు, చిన్న గది

మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో అనేకము నేడును చిన్న ఇండ్లలోనే కాపురమున్నవి. ముంబయి చాళ్లలోను, షోలాపూరు, భివండి మగ్గముల పేటలలోను, ఖరగపూరు రైల్వే క్వార్టర్లలోను, హైదరాబాదు బస్తీలలోను ముందుగది ఒక్కటే అన్ని గదుల పనియు చేయుచున్నది. ఉదయము అది వచ్చిన వారిని కూర్చుండబెట్టు చోటు. మధ్యాహ్నము కుట్టుమిషను నడుచు చోటు. సాయంకాలము పిల్లల చదువుగది. వారమునకొక రాత్రి ప్రార్థన కూటము జరుగు చోటు. కూటము ముగిసి చాపలు చుట్టిపెట్టిన తరువాత పడకగది. ఊరినుండి బంధువు దిగినచో అదియే అతిథి గృహము.

ఇట్టి గదిని అమర్చుకొనుటకు మనవారు క్రొత్త సామానుల అంగడికి పోక, పాత సామానుల చోట్లకు పోవుట వాడుక. హైదరాబాదులో జుమ్మెరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారపు సంత, ముంబయిలో చోర్ బజారు అందుకు పేరుపొందినవి. లేమి వలన పుట్టిన ఈ అలవాటు ఇటీవల కలిగిన వారిలో ఒక వేడుకగా కూడ మారినది. పాత తలుపును బల్లగా, ట్రంకుపెట్టెను ఆసనముగా, పాత చీరలను తెరలుగా మార్చి గదిని అలంకరించుట గొప్ప విద్యగా ఎంచబడుచున్నది. ఈ సందర్భమున విశ్వాసులలో రెండు మాటలు వినబడుచున్నవి. అలంకరణ యనునదే లోకసంబంధమైనది, గోడకు వాక్యపు క్యాలెండరు చాలును అని కొందరు. పారవేయవలసిన దానిని వినియోగములోనికి తెచ్చుటయే భక్తి, అది గృహనిర్వాహకత్వము అని మరికొందరు. ఈ రెండు మాటలును అసలు ప్రశ్నను దాటిపోవుచున్నవని నా అభిప్రాయము.

లేఖనములలో చిన్న గదిని అమర్చిన వృత్తాంతము ఒకటి కలదు. షూనేములోని ఘనురాలు ప్రవక్తయైన ఎలీషా కొరకు మేడమీద ఒక చిన్న గది కట్టించి, అందులో నాలుగు వస్తువులు ఉంచుదమని తన భర్తతో ఆలోచన చేసినది (2 రాజులు 4). మంచము, బల్ల, ఆసనము, దీపము. అంతే. ఆమె కలిగినది, కావలసినచో ఇంకను ఎన్నో ఉంచగలదు. అయినను గదిలోనికి ఏమి పోవలెనో నిర్ణయించినది ఆమె సంపద కాదు, వచ్చువాని అవసరము. నడచి అలసి వచ్చువాడు పండుకొనవలెను, భుజింపవలెను, కూర్చుండవలెను, చీకటిలో చూడవలెను. ఇక్కడ మూలభాషలోని మాటలు ఆలోచింపదగినవి. బల్లకు వాడిన ‘షుల్‌హాన్’ అను మాటయే ప్రత్యక్షపు గుడారములోని సన్నిధి రొట్టెల బల్లకును వాడబడినది. దీపమునకు వాడిన ‘మెనోరా’ ఆ గుడారములోని దీపవృక్షమునకు పేరు. ఆసనమునకు వాడిన ‘కిస్సే’ రాజుల సింహాసనమునకు కూడ చెల్లును. అనువాదకుడు సందర్భమును బట్టి వేరువేరు మాటలు ఎన్నుకొనక తప్పదు. గాని హెబ్రీలో చదువువానికి ఆ చిన్న గది గోడల నడుమ గుడారపు వాసన కొంత తగులును. ఆ నాలుగు వస్తువులు క్రొత్తవో పాతవో లేఖనము చెప్పలేదు. ఆ ప్రశ్న రచయితకు తోచినట్లే లేదు.

ఆ గది కూడ ఒకే పనికి పరిమితము కాలేదు. అదే గదిలో ప్రవక్త విశ్రమించెను. అక్కడనే షూనేమీయురాలిని పిలిపించి కుమారుని గూర్చిన వాగ్దానము చెప్పెను. ఆ బిడ్డ చనిపోయినప్పుడు తల్లి తన పడకమీద గాక ప్రవక్త మంచముమీద అతని పరుండబెట్టి తలుపు వేసెను. ఆ మూసిన తలుపు వెనుకనే ఎలీషా ప్రార్థించెను, బిడ్డ కన్నులు తెరచెను. అతిథిగృహమై, శోకగృహమై, ప్రార్థనాలయమై, పునరుత్థాన స్థలమైన గది అది. ఒక్క గదిలో అన్నియు జరుపుకొనవలసి వచ్చినదే అని మనవారు చిన్నబోవుట నాకు తెలియును. వారు ఆ అధ్యాయమును ఈ దృష్టితో ఒకసారి చదువవలెను.

అలంకరణయే తగదనువారికి జవాబు చెప్పుటకు ఎక్కువ మాటలు అక్కరలేదు. బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపినది చేతిపనుల కొరకే. హగ్గయి ప్రవక్త గద్దించినది అందమైన ఇండ్లను కాదు. మందిరము పాడుగా ఉండగా తమ ఇండ్ల గోడలకు పలకలు పరచుకొనిన వారిని. గోడకు సున్నము వేసి, కిటికీకి శుభ్రమైన తెర కట్టుట పాపమైనచో మురికి పుణ్యము కావలెను.

రెండవ మాట మరింత జాగ్రత్తగా చూడదగినది, ఏలయనగా అందులో సత్యము పెక్కు పాలు ఉన్నది. పాతదానిని తిరిగి వాడుట దానంతట అదే భక్తియా? నిర్గమకాండము చదివినవాడు అవునని చెప్పలేడు. అహరోను ఇశ్రాయేలీయుల చెవులకున్న బంగారు పోగులను తీయించి వాటితో దూడను చేసెను. అది వాడిన వస్తువులతో చేసిన పనియే! మూడు అధ్యాయములు దాటగానే అదే జనులు తమ పోగులను, ముక్కరలను, ఉంగరములను గుడారపు పని కొరకు తెచ్చిరి. గుడారపు ద్వారమునొద్ద సేవించుచుండిన స్త్రీల ఇత్తడి అద్దములతో బెసలేలు గంగాళమును చేసెను. ముఖము చూచుకొను వస్తువు యాజకులు చేతులును కాళ్లును కడుగుకొను వస్తువాయెను. పాత వస్తువును మార్చి వాడుటలో ఇంతకంటె అందమైన ఉదాహరణ నాకు మరెక్కడను కనబడలేదు. కోరహుతో కూడి తిరుగుబాటు చేసినవారి ధూపార్తులను కూడ పారవేయనీయక రేకులుగా కొట్టించి బలిపీఠమునకు కప్పుగా వేయించిరి. లోహము అదే, చేతి నేర్పు అదే. ఒకటి దూడ, ఒకటి గంగాళము. పాతదనము గాని పొదుపు గాని ఆ భేదమును కలుగజేయలేదు.

గిబియోనీయుల సంగతి మరచిపోరాదు. వారు పాత గోనెలు, చినిగి కుట్టబడిన ద్రాక్షారసపు సిద్దెలు, మాసికలు వేసిన చెప్పులు, అరిగిన బట్టలు ధరించి యెహోషువ యొద్దకు వచ్చిరి. అవి నిజముగా పాతవే, గాని వాటిని అబద్ధమునకు సాక్ష్యముగా తెచ్చిరి. నేడు కొన్ని అంగళ్లలో క్రొత్త చెక్కను గొలుసులతో కొట్టి, అంచులు గీకి, రంగు రాపాడి, పాతదివలె కనబడునట్లు చేసి, క్రొత్తదానికంటె ఎక్కువ ధరకు అమ్ముచున్నారు. కొనువాడు సొమ్ము వ్యయపరచి లేమి వేషము వేయుచున్నాడు. గది చూడవచ్చినవారు, ఆహా, ఎంత నిరాడంబరము అనవలెను! బంగారు పూత వేసిన కుర్చీ కంటె ఇది మెరుగైన ఆడంబరమని నాకు తోచదు. నిజమైన లేమితో ట్రంకుపెట్టెపై కూర్చుండు ఇరుగింటివాడు దీనిని చూచి ఏమనుకొనును?

ఇక చేతిపనికి వత్తము. చిన్న గదిలో ప్రతి వస్తువును ఒక మనిషి కూర్చుండు చోటును ఆక్రమించును. కావున అందమునకు మొదటి మెట్టు తీసివేయుటయే. షోకేసులోని పగిలిన బొమ్మలు, దుమ్ముపట్టిన ప్లాస్టిక్ పూలు, నడువని గడియారము, నాలుగు సంవత్సరముల క్రిందటి క్యాలెండర్లు తీసివేసినచో సగము గది తిరిగి వచ్చును. తరువాత, రెండు పనులు చేయు వస్తువులను ఏర్పరచుకొనవలెను. తాతగారి ఇనుప ట్రంకుపెట్టెను తుప్పు గీకి, రంగు వేసి, పైన మడత పెట్టిన బొంత పరచినచో ఇద్దరు కూర్చుండు ఆసనమగును. లోపల చలికాలపు దుప్పట్లు ఇమిడిపోవును. బొంత యనగా మన అమ్మమ్మలు ఎరిగిన విద్యయే. మెత్తబడిన నూలు చీరలను పొరలుగా పరచి, సూదితో వరుసలుగా కుట్టుకొని వచ్చిరి. దానికి వేరే పేరు పెట్టి గొప్పగా చెప్పుకొనవలెనని వారికి తోచలేదు. కూల్చిన పాత ఇండ్ల టేకు తలుపులు అడితులలో దొరకును. వాటిలో ఒకదానిని గోడకు మడతబందులతో బిగించినచో పగలు పిల్లల చదువుబల్ల, రాత్రి గోడకు ఆనిన పలక. పడకకు చోటు మిగులును.

ఇట్టి పనిని ఇండ్ల నిర్మాణమంతటికి విస్తరింపజేసినవాడు లారీ బేకర్. 1917లో బర్మింగ్‌హాములో పుట్టిన ఈ క్వేకర్ విశ్వాసి 1945లో కుష్ఠరోగుల సేవ చేయు మిషను పక్షమున వాస్తుశిల్పిగా మన దేశమునకు వచ్చి ఇక్కడనే స్థిరపడెను. వైద్యురాలైన భార్యతో చాలకాలము పిథోరాగఢ్ కొండలలో గడిపి, పిమ్మట కేరళలో కాపురముండి, 2007లో తిరువనంతపురములో కన్నుమూసెను. అక్కడ నాలాంచిరలో ఆయన కట్టుకొనిన ఇంటిలో కూల్చిన ఇండ్లనుండి తెచ్చిన కలప, పాత తలుపులు, కిటికీలు ఉన్నవి. పారవేసిన రంగుసీసాలను గోడలో పొదుగుట వలన ఎండ రంగురంగులుగా లోపలికి దిగును. ఆయన పేదల ఇండ్లకును తన ఇంటికిని వేరువేరు న్యాయములు పెట్టుకొనలేదు. పేదలకు చౌకయిల్లు, తనకు పాలరాతి మేడ అన్నవాడైనచో ఆ సీసాల వెలుగును గూర్చి నేనిక్కడ వ్రాసియుండను.

ప్రేమ యనునది జాగ్రత్తలో కూడ కనబడవలెను. వాడిన మంచము కొనునప్పుడు పట్టెల సందులలో నల్లులు చూడవలెను. నవారు విప్పి వేడినీటిలో ఉతికి, మంచి ఎండలో ఆరవేయక గదిలోనికి తేరాదు. కలపనుండి సన్నని పొడి రాలుచున్నచో లోపల పురుగు ఉన్నదని అర్థము. పాత రంగు వేసిన తలుపులు, తొట్లె, ఆటవస్తువులు మరింత అపాయకరము. గృహవినియోగపు రంగులలో సీసము పది లక్షల భాగములలో 90కి మించరాదని మన ప్రభుత్వము 2016లో ప్రకటించిన నియమము 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులలో అనేకము అంతకు మించిన సీసము కలవి. అట్టి రంగును పిల్లలు పండుకొను గదిలో పొడిగా గీకినచో ఆ దుమ్ము వారి శరీరములోనికి పోవును, బుద్ధివికాసమునకు హాని చేయును. బయట, తడిపి, ముక్కునోరు కప్పుకొని గీకవలెను. లేదా అట్టి వస్తువును విడిచిపెట్టవలెను. ఓడసరుకుల చెక్కపెట్టెల కలప కొనువారు దానిమీది ముద్ర చూడవలెను. హెచ్.టి. అని ఉన్నచో వేడితో శుద్ధిచేసినది, ఎం.బి. అని ఉన్నచో విషవాయువు పట్టించినది. రెండవది ఇంటిలోనికి తగదు. పురుగుమందుల డబ్బాను ఎంత కడిగినను పూలకుండీగా కూడ వాడరాదు. పొదుపు పేరున బిడ్డకు కీడు తెచ్చువాడు ఏమి మిగుల్చుకొనినట్లు?

నన్ను ఎక్కువగా కలవరపెట్టునది ధర సంగతి. పాత వస్తువునకు ముందు ఒక యజమాని ఉండెను. అతడు దానిని ఏల అమ్మెను? బదిలీ వలన అమ్మినచో సరే. గాని సంతలో కనబడు బీరువాలు, మంచములు, కుట్టుమిషనులు అన్నియు బదిలీలవలన వచ్చినవి కావు. ఆసుపత్రి ఖర్చు, అప్పు, తాగుడు, తెగిన కాపురము, వీటి గుర్తులు ఆ వస్తువులమీద ఉన్నవి. కొనువాడు బాగులేదు, బాగులేదు అని బేరమాడి, కొనిన తరువాత దారిపొడవున అతిశయపడునని సామెతల గ్రంథకర్త ఇరువదియవ అధ్యాయములో చెప్పినది మన సంతను చూచి వ్రాసినట్లున్నది.

పాత కుట్టుమిషను ఇనుపకాళ్లపై నున్నని పలక వేసి బల్లగా వాడుట నేడు చాల వేడుకయైనది. అందముగానే ఉండును, కాదనను. యంత్రము అరిగి పనికిరానిదైనచో ఆ కాళ్లకు మరియొక ఆయుస్సు కలిగినట్లే. గాని నడుచుచున్న మిషనును ఒక విధవరాలు అక్కరకొద్ది అమ్మినచో? ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయము తిరగలిని గాని తిరగటి మీది రాతిని గాని తాకట్టు పట్టరాదని ఆజ్ఞాపించుచున్నది. అట్లు చేయుట ఒకని జీవనాధారమునే తాకట్టు పట్టుట. పేదవాని దుప్పటి తాకట్టులో ఉన్నచో ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి ఇయ్యవలెనని కూడ అక్కడనే ఉన్నది. ఆ ధర్మశాస్త్రము తాకట్టును గూర్చినదే గాని కొనుగోలును గూర్చినది కాదని వాదించువారు ఉందురు. అక్షరము ప్రకారము వారి మాట నిజమే. అయినను ఒక స్త్రీ తన తిరగలిని మోసికొని వచ్చి మన వాకిట నిలిచినప్పుడు, దానిని చౌకగా కొని పూలకుండీ పెట్టుకొనుటకు అక్షరము చాటున దాగుకొనవచ్చునా? మొదట అడుగవలసినది ధర కాదు. అమ్మా, దీనిని ఏల అమ్ముచున్నావు అని. ఆ జవాబు విన్న తరువాత కొన్నిసార్లు మన గది బల్ల లేకయే ఉండవలసి వచ్చును.

గదికి తగని పాతవస్తువులు కూడ కొన్ని కలవు. బెల్షస్సరు యెరూషలేము మందిరపు పాత్రలను తెప్పించి తన విందులో ద్రాక్షారసము త్రాగించెను. అవి పాతవి, అందమైనవి, చేతికి దొరికినవి. అతని గోడమీదనే వ్రాత కనబడినది. కూల్చిన దేవాలయముల బల్లలను, పాత ప్రభుబల్ల గిన్నెలను వింతవస్తువుల అంగళ్లలో వెదకి గదికి శోభగా తెచ్చుకొనువారు ఆ అధ్యాయము తలంచుకొనుట మంచిది. చినిగిన బైబిలు పుటలను, పాత కీర్తనల పుస్తకపు పుటలను గోడకు అంటించుట కూడ నాకు సమ్మతము కాదు. కాగితము పవిత్రమని కాదు. ఒక అవ్వ కన్నీటి మరకలు, పెన్సిలు గీతలు ఉన్న పుట చదువబడుటకు వ్రాయబడినది. రంగు సరిపోయినదని గోడకెక్కుటకు కాదు.

చివరకు, పాతది ఎవరికి, క్రొత్తది ఎవరికి? మలాకీ దినములలో గ్రుడ్డిదానిని, కుంటిదానిని, రోగముగల దానిని ఏరి దేవునికి అర్పించిరి. మన సంఘములలో బాలుర వసతిగృహమునకు ఇచ్చు బల్లలు చూడుడు, పాదిరిగారి ఇంటికి పంపు కుర్చీలు చూడుడు. మన ఇంటిలోనికి క్రొత్త సోఫా వచ్చిన దినముననే మనకు దాతృత్వము జ్ఞాపకము వచ్చును. ఒకప్పుడు విదేశ సంఘములు వాడిన బట్టలను, ఒకసారి పంపబడిన క్రిస్మసు కార్డులను పెట్టెలలో కట్టి మన మిషను స్టేషనులకు పంపెడివారు. ఆ కార్డుల బొమ్మలు ఎందరో పిల్లలకు బహుమానములై ఎంతో సంతోషమిచ్చినవి. దానిని చులకన చేయను. అయినను పుచ్చుకొను చేతికి తెలియును, తనయొద్దకు వచ్చినది ప్రేమతో పంచబడినదో, చోటు చాలక తీసివేయబడినదో. పాతదానిని బాగుచేసి తాను వాడుకొని క్రొత్తదానిని ఇచ్చుట ఒకటి. క్రొత్తదానిని తాను ఉంచుకొని విరిగినదానిని ఇచ్చుట మరియొకటి. ఈ రెంటిని పొదుపు అను ఒకే మాటతో పిలువరాదు.

యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో ఒక గదినే చూపించుచున్నాడు. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి ఆసనము. మురికిబట్టలు కట్టుకొనిన దరిద్రునికి నిలువబడుటయో, పాదపీఠమునొద్ద కూర్చుండుటయో. మన గృహకూటములలో ఉద్యోగస్థుడు వచ్చినచో కుర్చీ జరుపుదుము. ఇంటిలో గిన్నెలు తోము సహోదరి వచ్చినచో ఆమె తనంతట తానే గడపయొద్ద నేలమీద కూర్చుండును. మనము ఆమె వినయమును మెచ్చుకొందుము! మంచి తలుపుతో చేసిన బల్ల, రంగువేసిన ట్రంకుపెట్టె, అవ్వ కుట్టిన బొంత ఉన్న గదిలోనే ఇది జరుగుచున్నది.

గిబియోనీయుల పాత బట్టలకు యెహోషువ గ్రంథము వాడిన ‘బాలా’ అను ధాతువే యిర్మీయా ముప్పది యెనిమిదవ అధ్యాయములో మరల కనబడును. ప్రవక్త బురదగోతిలో దిగబడియుండగా కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు సెలవు పొంది, మనుష్యులను వెంటబెట్టుకొని, మొదట ఖజానా క్రిందనున్న గదిలోనికి పోయెను. అక్కడ అరిగిన, చినిగిన పాత గుడ్డలను ఏరుకొని, త్రాళ్లతో గోతిలోనికి దింపెను. విసిరివేయలేదు, దింపెను. త్రాళ్లు ఒరుసుకొనకుండ ఆ గుడ్డలను చంకల క్రింద పెట్టుకొనుమని పైనుండి చెప్పెను. రాజగృహములో ఎవరికిని అక్కరలేని ఆ గుడ్డలు ఒక మనిషి చర్మమునకును త్రాటికిని నడుమ నిలిచెను. తరువాత యిర్మీయాను పైకి లాగిరి.